ఆమె చేతికి నచ్చిన ఎడిటర్

అక్క చనిపోయిందని తొర్రూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఫోన్ చేసిన మనిషి ఒకప్పుడు జనగామ ఆఫీసులో మాతోపాటు టైపు చేసిందే. "పాపం, నిన్న పొద్దుగూకంగ పానం పోయిందట" అని మొదలుపెట్టింది. ఆ వెంటనే, "ఎంత మొండి మనిషి గదనే! గా ఒక్క సంతకం వెట్టుంటే రిటైరయ్యేదాంక కుర్సీల కూసునేది" అంది. ఇంకా మట్టి కూడా చేయలేదు, అప్పుడే తీర్పు చెప్పేసింది. "సంతకం ముచ్చట నాకు జెప్పకు. మట్టి ఎన్నింటికి?" అని అడిగి ఫోన్ పెట్టేశాను.

మహబూబాబాద్ మాకు ఎప్పుడూ మానుకోటే. అక్కడ బస్సెక్కి తొర్రూరులో దిగి, పెద్దవంగర బస్సు కోసం నిలబడినంతసేపూ ఆ 'మొండి' అనే మాటే చెవిలో గీరుతూ ఉంది. బతికున్నన్నాళ్లూ అందరూ ఆమెను అన్నది ఆ ఒక్క మాటే. ఆఫీసులో సారు అన్నాడు, సంఘం పెద్దలు అన్నారు, చివరికి వాళ్ల పాస్టరు కూడా ప్రార్థన మధ్యలో అన్నాడట. ఏ విషయంలో మొండి అని ఒక్కరూ అడగలేదు. అడిగితే సిగ్గుపడాల్సి వచ్చేది. ఒక మనిషి తన పని తనకు వీలైన పద్ధతిలో చేసుకుంటానంది. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆమెకే నచ్చదు. "నా పేరుతోని నీకేం పని పిల్లా, నీ పని నువ్వు సూస్కో" అంటుంది. అన్నట్టే వినపడుతోంది కూడా.

జనగామ స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం మీద రెండు గదులు. ఒక పత్తి రైతుల సంఘం వాటిని అద్దెకు తీసుకుని కంప్యూటర్ పెట్టింది. ఎనభైల చివర్లో మా వైపు కంప్యూటర్ అంటే జనం చూడ్డానికి మెట్లెక్కి వచ్చేవాళ్లు. మూలన ఒక పెద్ద పెట్టె, దానికి వైర్లతో కలిపిన తెరలు, నల్లటి తెరల మీద ఆకుపచ్చ అక్షరాలు. కిటికీలన్నీ మూసి ఏసీ వేసినా యూరియా వాసన పోయేది కాదు. జనగామ, మానుకోట, భూపాలపల్లి శాఖల నుంచి రైతుల వివరాలు కాగితాల మీద వచ్చేవి. ఏ ఊరు, ఎంత భూమి, ఏ విత్తనం కావాలి, ఇవే. మేం నలుగురం ఆడపిల్లలం వాటిని టైపు చేసేవాళ్లం. అక్క మాకంటే పెద్దది, అందుకే మా అందరికీ అక్క. ఆమే మా ఆపరేటరు. మేం కొట్టినవాటిని టేపుకెక్కించి ఏ శాఖ టేపు ఆ శాఖకు బస్సులో పంపడం, ఎక్కించాక మెషీన్‌లో పాతవి తుడిచి కొత్తవాటికి చోటు చేయడం ఆమె పని.

పొద్దున అందరికంటే ముందు వచ్చేది. చెప్పులు తలుపు బయట విడిచి, కుర్చీని కొంచెం వంకరగా, ఎడమ భుజం తెర వైపు వచ్చేట్టు తిప్పుకుని కూర్చునేది. కొంగుతో కీబోర్డు తుడిచేది. తర్వాత ఒకే ఒక్క వరుస కొట్టి, ఎంటర్‌ను అరచేత్తో దబ్బున బాదేది. "ఆఁ, ఇగ చాయ్ తెప్పియ్యిర్రి" అనేది. అక్కడ పనిచేసిన చివరి రోజుల్లో ఆ వరుస కొట్టందే ఆమె చాయ్ తాగినట్టు నేను చూడలేదు.

ఆ వరుస సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. మేం మెషీన్‌కు పని చెప్పేది కమాండ్లతో. ఫలానా ఫైళ్లు టేపుకెక్కించు, ఫలానావి తుడిచెయ్ అని ఒక్కొక్కటి బారెడు పొడుగు. ప్రతిసారీ మొత్తం కొట్టక్కర్లేదు. మొన్న కొట్టిన కమాండ్‌ను వెనక్కి పిలిచి, అందులో ఊరి పేరు మార్చి మళ్లీ నడిపించొచ్చు. పిలవగానే అది ఒక ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. దిద్ది బయటికి వస్తే మెషీన్ దాన్ని నడిపిస్తుంది. ఏ ఎడిటర్‌లో తెరుచుకోవాలో ఎవరికి వాళ్లు ఒక్క వరుసతో చెప్పుకోవచ్చు. మా దగ్గర రెండు ఉండేవి. పాతది ఒక్కో వరుసే చూపించేది, మామూలు అక్షరాలూ ఎంటరూ తప్ప వేరే బటన్లతో దానికి పని లేదు. కొత్తది తెరంతా పరిచి చూపించేది, కానీ అందులో రాయడం ఆపి దిద్దాలన్న ప్రతిసారీ కీబోర్డు ఎడమ వైపు పై మూలనున్న ఎస్కేప్ బటన్ నొక్కాలి. అక్క తన కోసం పెట్టుకునేది పాతది.

నిజం చెప్పాలంటే నాకు కొత్తదే నచ్చింది. ఎక్కడ తప్పుందో కంటికి కనిపిస్తుంది, చకచకా అక్కడికి పోవచ్చు. అక్క పాతదానితో నెమ్మదిగా పని చేసేది, విసుగొచ్చేంత నెమ్మదిగా. ఆ మాట అంటే కోపం తెచ్చుకునేది కాదు. "నీకు మంచిగుంటే నువ్వు గదే వెట్టుకో. నాకు గిదే మంచిగుంది. ఇద్దరికి ఒక్కటే ఉండాల్నని ఎవడన్నడు?" అనేది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. దిద్దుతూ దిద్దుతూ మధ్యలో వద్దనుకుంటే, ఉన్నదంతా తుడిచేసి, ఖాళీ చేసి, అప్పుడే ఎడిటర్‌లోంచి బయటికొచ్చేది. ఎందుకక్కా అంటే, "ఏమోనే. మా బడిల పలక తుడిచినంకనే పంతులు చేతికియ్యాలె. గదే అలవాటైంది" అనేది. అందులో ఏదో కిటుకు ఉందని ఆమె అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

కోపిష్టి మనిషి, అది మాత్రం నిజం. పెన్నుకు మూత పెట్టకపోతే కోపం. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే కోపం. మధ్యాహ్నం మాలో ఎవరైనా డబ్బా తెచ్చుకోకపోతే ఇంకా కోపం. "ఉపాసముండి ఎవలను ఉద్ధరిస్తవే?" అని తిడుతూ తన జొన్నరొట్టె సగం తుంచి మన చేతిలో పెట్టేది. తినే ముందు ప్రార్థన చేసుకునేది, కానీ ఒక కన్ను తెరిచే ఉండేది. ఆ కంటితో ఎవరు సీటు వదిలి పోతున్నారో చూసేది. "యేసయ్యకు ఒక కన్ను సాలు, మీకు ఒక కన్ను కావాలె" అని మేం నవ్వినప్పుడల్లా అనేది. మెషీన్ నెమ్మదిస్తే దాన్ని కూడా తిట్టేది. "ఓ నాయినా, జర లేవయ్యా, పొద్దువోతుంది" అని పెట్టె మీద తట్టేది.

తప్పులు చేయని మనిషి కూడా కాదు. ఒకసారి మానుకోట టేపును భూపాలపల్లి బస్సుకిచ్చి పంపింది. వాళ్లు లబోదిబోమని ఫోన్ చేస్తే, మేం ఏదో సర్దిచెప్పేలోపు రిసీవర్ లాక్కుంది. "తప్పు నాదే. తిట్టుర్రి. తిట్టుడు అయినంక టేపు వాపసు పంపుర్రి" అని గట్టిగా, ఎరువుల దుకాణం దాకా వినపడేట్టు చెప్పింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆమెను మొండి అన్నవాళ్లెవరూ దీన్ని గుర్తుపెట్టుకోలేదు.

తర్వాత సారు వచ్చాడు. కోస్తా నుంచి, కొత్త ఇన్‌చార్జిగా. ఆ జిల్లాల వాళ్లందరూ అలాంటివాళ్లని నేననను. నాకు టైపు నేర్పిన టీచరమ్మ ఆ వైపు మనిషే, ఆమె దయవల్లే నాకు ఉద్యోగం వచ్చింది. ఈయనకూ పని తెలుసు. వచ్చిన నెలలో మురికి పట్టిన టేపులన్నీ శుభ్రం చేయించాడు, మాకు కొత్త ఎడిటర్ ఓపిగ్గా నేర్పాడు. "అందరికీ ఒకటే ఉండాలమ్మా. ఎవరి సీట్లో ఎవరు కూర్చున్నా పని ఆగకూడదు" అన్నాడు. మాట వినడానికి సబబుగానే ఉంది. అందరికీ కొత్త ఎడిటరే తెరుచుకునేట్టు మెషీన్‌లో మార్చేశాడు.

అక్క తన సొంత ఫైల్లో తన వరుస రాసుకుంది. ఆయన దాన్ని తీసేశాడు. ఆమె మళ్లీ రాసింది. ఆయన ఆ ఫైల్ ఆమె ముట్టుకోకుండా మూసేశాడు. అప్పటి నుంచి ఆమె రోజూ పొద్దున కూర్చోగానే చేత్తో ఆ వరుస కొట్టుకోవడం మొదలుపెట్టింది. లేచి వెళ్లేదాకా అది పనిచేస్తుంది, మర్నాడు మళ్లీ కొట్టుకోవాలి. ఎంటర్‌ను అలా దబ్బున బాదడం అప్పటి నుంచే.

ఆయనకు అది ముల్లులా గుచ్చుకుంది. ఆఫీసుకు ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే చాలు, అక్కను పిలిచి, "ఏదీ, ఆ గిట్ల గట్ల ఒకసారి అనమ్మా, మావాళ్లు వింటారు" అనేవాడు. వాళ్లు పళ్లికిలించేవాళ్లు. ఒకరోజు, "మీ మాటా మోటే, మీ ఎడిటరూ మోటే" అన్నాడు. అక్క తెర మీంచి చూపు తిప్పలేదు. "మా అవ్వ నేర్పిన మాట సారూ. నువ్వు నవ్వినవని మారుస్తనా?" అంది. ఆయన మొహం మాడింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఒక ఆదివారం ఆమెతో పెద్దవంగర వెళ్లాను. చర్చి అయిపోయాక వాళ్ల చేనుకు పోయాం. అక్కావాళ్ల అవ్వ, అంటే అమ్మ, పత్తి ఏరుతూ నాతో మాట్లాడుతోంది. అక్క కూడా ఏరుతోంది, ఒక్క కుడి చేత్తోనే. అప్పటిదాకా నేను ఆ ఎడమ చేతిని సరిగ్గా చూడనే లేదు. చిటికెన వేలూ, దాని పక్క వేలూ అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. మణికట్టు ఒక పక్కకే తిరుగుతుంది.

"అరవై తొమ్మిదిల బిడ్డా" అంది అవ్వ, నేను చూడ్డం చూసి. "జనగామ హాస్టల్ల పదో తరగతి సదువుతుండె. తెలంగాణ కావాల్నని పోరగాండ్లు జులూస్ తీస్తే గిది గూడ పోయింది. దీని సోపతి పిల్ల నెత్తి మీదికి లాఠీ వస్తుంటే చెయ్యి అడ్డం వెట్టింది. దవాఖానకు తీస్కపోదమంటే బస్సులు బందు. ఊళ్లె కట్టు గట్టెటాయన గట్టిండు గని బొక్క వంకర అతికింది. గా రెండు వేళ్లు మల్ల లేవలే."

"ఇగ సాలు తియ్యవే" అంది అక్క. "చెయ్యి వంకర వోతే ఏమాయె, పిల్ల నెత్తి పలుగలే గదా."

అప్పుడు తెలిసింది నాకు ఆ కుర్చీ వంకర ఎందుకో, ఆ ఎస్కేప్ బటన్‌తో తగువేమిటో. కుడి చేత్తో నొక్కొచ్చు, నిజమే. రోజంతా, దిద్దిన ప్రతిసారీ, చెయ్యి లేపి అవతలి మూలకు చాపి మళ్లీ వెనక్కి రావాలి. చేసి చూస్తే తెలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె మీద విరుచుకుపడ్డాను. ఈ సంగతి సారుకు ఒక్క ముక్క చెబితే ఈ గొడవే ఉండదు కదా అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఎందుకు జెప్పాలె? చెయ్యి సూపిచ్చి అడుక్కోమంటవా? నాకు గిది మంచిగుందని జెప్పిన. గంతకంటే ఇంకేం జెప్పాలె మనిషి?" అంది. కొంగు ఎడమ చేతి మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగింది.

ఇక ఆ శనివారం.

హైదరాబాద్ నుంచి సంఘం పెద్దాయన ఒకరు ఆఫీసు చూడ్డానికి వచ్చాడు. భూపాలపల్లి బస్సులో రావాల్సిన ఖాళీ టేపుల పార్సిల్ తేవడానికి అక్క బస్టాండుకు పోయింది. సారు పెద్దాయనను వెంటబెట్టుకుని గదంతా తిప్పి, ఖాళీగా ఉందని అక్క సీట్లో కూర్చున్నాడు. కమాండ్‌ను వెనక్కి పిలిచి దిద్దడం ఎలాగో చూపించాలనుకున్నాడు. అక్క పాత ఎడిటర్ తెరుచుకుంటుందేమోనని, అక్కడ తన కొత్త ఎడిటర్ పెట్టుకున్నాడు. చూపించాడు, లేచాడు. మళ్లీ పాతది పెట్టలేదు, పెట్టలేదని ఎవరికీ చెప్పలేదు. నేను పక్క సీట్లోనే ఉన్నాను.

అక్క చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. "మానుకోట ఫైళ్లు తుడవాల్సినవి ఉన్నాయిగా, సార్‌కి చేసి చూపించు" అన్నాడు ఆయన. ఆమె సోమవారం నాటి కమాండ్‌ను పిలిచింది. అది జనగామ ఫైళ్లు తుడిచే కమాండ్. సోమవారం జనగామవి టేపుకెక్కించి తుడిచేసింది కాబట్టి, ఇప్పుడు అందులో జనగామ తీసి మానుకోట అని పెడితే సరిపోతుంది. అయితే ఆ సోమవారం తర్వాత మేం వారమంతా కొత్త జనగామ కాగితాలు కొట్టి అదే చోట పెట్టాం. అవి ఇంకా టేపుకెక్కలేదు.

ఆమె కళ్లు పాతదాని కోసం చూస్తున్నాయి. తెరంతా కొత్తది పరుచుకుంది. చేతి అలవాటు కొద్దీ రెండు మూడు బటన్లు కొట్టింది. మెషీన్ కీక్ కీక్ మంది. పెద్దాయన చిన్నగా నవ్వాడు.

"గిదేంది? గిది నేను వెట్టింది కాదు. నా సీట్ల ఎవరు కూసున్నరు?" అంది అక్క.

"ఏదైతే ఏంటమ్మా, దిద్దు" అన్నాడు సారు.

ఆమె రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "జర ఆగు సారూ. గిది నాకు రాదు. ఎట్ల తుడువాల్నో జెప్పు. తుడిచి బయటికొస్త, మల్ల నాది వెట్టుకుని చేస్త."

"తుడవడం ఎందుకు? మార్చకుండా బయటికి వచ్చేస్తే ఏమీ అవ్వదు."

"ఏమో సారూ, తుడువకుంట నేను రాను. పలక తుడిచినంకనే..."

"పలకలూ బలపాలూ అంటే ఇంకెప్పటికి నేర్చుకుంటావ్?" అన్నాడాయన. ఆమె భుజం మీంచి చెయ్యి చాపాడు. చూపుడు వేలితో ఆ పై మూల బటన్ నొక్కాడు. తర్వాత బయటికొచ్చే అక్షరాలు కొట్టాడు, ఎంటర్ కొట్టాడు. సోమవారం నాటి కమాండ్, జనగామ పేరుతో సహా, ఉన్నది ఉన్నట్టు తెర మీద ఒకసారి కనిపించింది. మూలన పెట్టె మీద లైటు టపటపా కొట్టుకుంది. మార్చినా మార్చకపోయినా, ఖాళీ చేయకుండా బయటికొస్తే ఆ మెషీన్ ఉన్నదాన్ని నడిపించేస్తుంది. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. తెలియకపోవడం నేరమని నేననను. లైటు ఆగేసరికి మేం వారమంతా కొట్టిన జనగామ కాగితాలు ఒక్కటీ లేవు.

సారు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "చూశారా? ఎన్నిసార్లు చెప్పినా నేర్చుకోదు" అన్నాడు.

తప్పు జరిగింది, జరుగుతుంది. తన వేలితో తాను నొక్కి, ఆ వేలింకా కీబోర్డు మీంచి పూర్తిగా తీయకముందే ఆ మాట ఎలా అనగలిగాడు?

కాగితాలు ఉన్నాయి గనక మళ్లీ కొట్టొచ్చు. అక్క మాతో కూర్చుని కొట్టింది. అది ఆమె పని కాదు, అయినా కొట్టింది. "తప్పెవలదన్న గానీ, రైతులకు విత్తనాలు ఆగొద్దు" అంది. కుడి చెయ్యీ, ఎడమ చేతిలో పనిచేసే ఆ కొన్ని వేళ్లూ పెట్టి కొడుతుంటే మధ్యమధ్యలో మణికట్టు పట్టుకుని నొక్కుకునేది. జనగామ కాగితాలన్నీ మళ్లీ మెషీన్‌లోకెక్కాయి. విత్తనాలు ఆగలేదు. అక్కడితో అయిపోవాలి.

అయిపోనివ్వలేదు. హైదరాబాద్‌కు జవాబు చెప్పుకోవాలి గనక సారు ఒక కాగితం తయారుచేశాడు. పెద్దాయన మళ్లీ వచ్చాడు. మా అందరి ముందూ ఆ కాగితం అక్క చేతిలో పెట్టారు. 'నా చేతి పొరపాటు వల్ల జనగామ ఫైళ్లు పోయినవి, క్షమించగలరు' అని ఉంది. కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

ఆమె చదివింది. కాగితం బల్ల మీద పెట్టింది. "గిది నేను చెయ్యలే" అంది.

"మెషీన్‌లో నీ పేరు మీదే నడిచిందమ్మా" అన్నాడు సారు.

"నా పేరు మీద నడిచింది. నా చేతితోని నడువలే."

లేచి తన సీటు దగ్గరికి పోయింది. కొంగు పక్కకు తీసి ఎడమ చెయ్యిని కీబోర్డు మీద పెట్టింది. ఆ చేతిని ఆఫీసులో ఎవరి ముందూ అలా పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. చూపుడు వేలు ఎంత చాపినా ఆ మూలకు అందలేదు, మణికట్టు తిరగలేదు. ముడిచిన రెండు వేళ్లూ కింద బటన్ల మీద రాసుకుంటున్నాయి. "సూడుర్రి. గా మూలకు నా చెయ్యి పోదు. పోతే నీ ఎడిటరే వెట్టుకుందును సారూ, నీతోని నాకేం కొట్లాట?"

ఎప్పుడూ ఎవరికీ చూపించనన్న చెయ్యిని చూపించాల్సి వచ్చింది. అందుకు నేను వాళ్లను క్షమించలేదు, క్షమించను కూడా.

"సారే నొక్కిండు. నేను సూసిన" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"నువ్వు నీ పని చూసుకో" అన్నాడు సారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ శనివారం అక్కడే, నా అంత దగ్గర్లోనే నిలబడి ఉన్నాడు. "ఎవరు నొక్కారన్నది ఇప్పుడెందుకమ్మా? ఒక్క సంతకం. నీ ఉద్యోగం నీకుంటుంది, విషయం ముగిసిపోతుంది" అన్నాడు. చాలా మెత్తగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. ఆ మెత్తదనం చూస్తే నాకు సారు కోపమే నయమనిపించింది.

"గప్పుడు మానుకోట టేపు భూపాలపల్లికి పంపింది నేను. గది రాయుర్రి, ఇప్పుడే సంతకం వెడత" అంది అక్క. "గిదానికి వెట్ట. వెడితే నా చెయ్యి అబద్ధమాడినట్టు. గింత వంకర వోయినా గిది ఇంతవరకు అబద్ధమాడలే."

డబ్బా సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ ఆగి, తన కుర్చీలో కూర్చుంది. కొంగుతో కీబోర్డు తుడిచింది. తన వరుస కొట్టి ఎంటర్‌ను బాదింది. ఆ తర్వాతే మెషీన్‌లోంచి బయటికొచ్చింది. బయటికి రాగానే ఆ వరుస పోతుందని ఆమెకు తెలుసు. చెప్పులేసుకుని మెట్లు దిగింది. మళ్లీ ఆ ఆఫీసు మెట్లు ఎక్కలేదు.

నన్ను భూపాలపల్లి శాఖకు పంపేశారు. నేను చూసింది చూశానన్నందుకే అని ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా. అక్కడ టేపులు చదవడానికి పెట్టిన చిన్న మెషీన్, ఒక తెర, నేను ఒక్కదాన్నే. కోపం కొద్దీ నా మెషీన్‌లో అక్క పాత ఎడిటర్ పెట్టుకున్నాను. చేతకాక నానా అవస్థలూ పడ్డాను. ఆమె అప్పటికి తొర్రూరు బస్టాండు దగ్గర చిన్న గదిలో టైపు నేర్పుతోంది. సెలవు పెట్టుకుని వెళ్లి ఈ సంగతి గొప్పగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. నెత్తి మీద మొట్టింది.

"పిచ్చిదానా! నీకు మంచిగ లేనిది నా కోసమెందుకు వెట్టుకున్నవ్? సారుకు నీకు ఏం ఫరకున్నది మల్ల? తీసెయ్యి. నీకు ఏది మంచిగుంటే గదే వెట్టుకో" అంది. తీసేశాను.

పెద్దవంగరలో బస్సు దిగేసరికి వాళ్ల వాకిట్లో షామియానా వేసి ఉంది. పాస్టరు వాక్యం చదువుతున్నాడు. అక్కను పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లచీర కట్టారు, జడ చక్కగా వేశారు. పెట్టె పక్కన ఇద్దరు ఆడవాళ్లు వంగి ఉన్నారు. ఒకరు ఆమె మేనత్త కోడలు, ఇంకొకరు నాకు ఫోన్ చేసిన జనగామ మనిషి. అక్క రెండు చేతులూ గుండె మీద జోడించాలని చూస్తున్నారు. ఎడమ చేతి వేళ్లు రెండూ సాగడం లేదు.

"ఫోటోల మంచిగ కనవడాలె" అంటోంది కోడలు. "జర గట్టిగ వట్టు. ఒక్కసారి గుంజితే సాపయితయి."

జనగామ మనిషి ఆ చిటికెన వేలును పట్టుకుంది.

"ముట్టకు!" అని అరిచాను. పాస్టరు చదవడం ఆపాడు. వాకిట్లో అందరూ నా వైపు తిరిగారు.

"ఏమైందమ్మా?" అన్నాడు పాస్టరు.

"ఆమె చెయ్యి ఆమెకు ఎట్ల మంచిగుండెనో గట్లనే ఉండనియ్యిర్రి" అన్నాను.

"ఇగ నువ్వు గూడ మొండి తయారైనవ్" అని గొణిగింది జనగామ మనిషి. వేలు మాత్రం వదిలేసింది.

నేను వాళ్లను జరగమని పెట్టె పక్కన కూర్చున్నాను. కుడి చెయ్యి గుండె మీద పెట్టాను. దాని మీద ఎడమ చెయ్యి, ముడిచిన వేళ్లు ముడిచినట్టే పెట్టాను. నా కొంగుతో ఒకసారి తుడిచాను. మూత వేసేదాకా అక్కడి నుంచి కదల్లేదు.